సిమెంటు గుట్టు విప్పిన లె షాటెలియే

సైటు లాబ్‌లో ఒక్క నెలైనా పనిచేసిన వాళ్ళకు ఈ వస్తువు తెలిసే ఉంటుంది. చిన్న ఇత్తడి గొట్టం. అడ్డం 30 మిల్లీమీటర్లు, ఎత్తు 30 మిల్లీమీటర్లు. ఒక పక్క నిలువునా చీలి ఉంటుంది. చీలికకు అటొకటి, ఇటొకటి పొడుగాటి రెండు సూదులు. అందులో తడిపిన సిమెంటు ముద్ద నింపి, పైనా కిందా గాజు పలకలు పెట్టి, ఒక రోజు నీళ్ళలో ఉంచుతాం. సూదుల మధ్య దూరం కొలిచి, మూడు గంటలు మరిగే నీళ్ళలో ఉడికించి, చల్లారాక మళ్ళీ కొలుస్తాం. మన దేశం లెక్క ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఆ తేడా 10 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఆ సిమెంటు పనికిరాదు.

దీన్ని మేం పాలిటెక్నిక్‌లో లీ చాటిలియర్ మౌల్డ్ అని చదువుకున్నాం. ఇక్కడ దుబాయ్‌లో కేరళ వాళ్ళు ఒక రకంగా, ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇంకో రకంగా పలుకుతారు. అది కంపెనీ పేరనే నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. మనిషి పేరని తెలిసింది మొన్నమొన్ననే. అదీ మా అక్క కొడుకు పుణ్యమా అని.

వాడు డిగ్రీ అయిపోయి, ఎమ్మెస్సీలో మెటీరియల్స్ కెమిస్ట్రీ సీటు తెచ్చుకున్నాడు. అక్క ఫోన్ చేసి, ఇదేం కోర్సు తమ్మీ, పేరే ఎప్పుడూ వినలేదు, రెండేళ్ళ ఫీజు పెట్టాక ఉద్యోగం వస్తదా రాదా అని అడిగింది. బావగారేమో వాణ్ణి కూడా ఇటే పంపిద్దామంటున్నారు. ఫీజు కట్టేది నేనే కాబట్టి చివరి మాట నన్నే చెప్పమన్నారు. నాకున్నది సివిల్ డిప్లొమా. కెమిస్ట్రీ గురించి నన్నడిగితే ఏం చెప్పను? మేనల్లుణ్ణే అడిగాను. మామా, మీ సిమెంటు కథే మా సబ్జెక్టు, ముందు లె షాటెలియే గురించి చదువు అన్నాడు. ఫ్రెంచి వాళ్ళు అట్లాగే పలుకుతారట. చదివాను. శుక్రవారాలు నాలుగు దానికే పోయాయి. క్యాంపులో మన వాళ్ళకు చెప్తుంటే ఆసక్తిగా విన్నారు, అందుకే రాస్తున్నాను.

హెన్రీ లె షాటెలియే 1850 అక్టోబరు 8న పారిస్‌లో పుట్టాడు. తాత సున్నపు బట్టీలు నడిపినవాడు. తండ్రి లూయీ పేరున్న ఇంజనీరు. రైల్వేల్లో, గనుల శాఖలో పెద్ద పదవులు చేశాడు. ఫ్రాన్సులో అల్యూమినియం తయారీ మొదలైన రోజుల్లో అందులోనూ ఆయన చెయ్యి ఉంది. నలుగురు తమ్ముళ్ళు, ఒక చెల్లెలు. తల్లి చాలా గట్టి మనిషి. పిల్లలు వేళకు లేవాలి, పాఠాలు వేళకు చదవాలి, కంచంలో పెట్టింది వదలకుండా తినాలి. ఆ అలవాటే తనను జీవితమంతా నడిపిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఇంటికి వచ్చే పోయే వాళ్ళంతా ఇంజనీర్లు, కెమిస్టులు. అంటే, ఉన్నచోటే పుట్టాడు. ఫీజు ఎవరు కడతారన్న బాధ ఆయనకు లేదు. ఆ సంగతి దాచి చెప్పడం నాకిష్టం లేదు.

1869లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరాడు. పేరులో పాలిటెక్నిక్ అని ఉంది గానీ మన డిప్లొమా కాలేజీలా అనుకోకండి, ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద చదువుల్లో అదొకటి. మరుసటేడు జర్మన్ సేనలతో యుద్ధం వచ్చింది. చదువు ఆగింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు సైన్యంలో చిన్న అధికారి అయ్యి, పారిస్ ముట్టడిలో పనిచేశాడు. యుద్ధం అయ్యాక 1871లో గనుల ఇంజనీర్లను తయారుచేసే ఎకోల్ దె మీన్‌లో చేరాడు. అది పూర్తిచేసి బెజాన్సాన్ అనే ఊళ్ళో గనుల ఇంజనీరుగా రెండేళ్ళు పనిచేశాడు. 1876లో జెనెవీవ్ నికొలాను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు ఏడుగురు పిల్లలు.

1877లో తను చదివిన ఆ గనుల కాలేజీయే పిలిచి కెమిస్ట్రీ పాఠాలు చెప్పమంది. ఆయన ఎదురుచూడని పిలుపు అది. అప్పటికి ఆయన పరిశోధకుడు కాదు, సైటు మీద పనిచేసే ఇంజనీరు. వయసు 26. ఏం పరిశోధన చెయ్యాలా అని వెతుక్కుని, తనకు తెలిసిన పదార్థాన్నే పట్టుకున్నాడు. సున్నం, జిప్సం, సిమెంటు.

సిమెంటు గట్టిపడితే ఆరింది అంటాం. మేస్త్రీ దగ్గర్నించి మేనేజరు దాకా అందరం అదే మాట. ఆ మాటలోనే తప్పుంది. గోడకు కొట్టిన బురద ఆరుతుంది, నీళ్ళు పోతే గట్టిపడుతుంది. మళ్ళీ తడిస్తే కరిగిపోతుంది. సిమెంటు అట్లా కాదు. నీళ్ళ అడుగున పోసినా రాయి అవుతుంది. 1880 ప్రాంతానికి ఫ్రాన్సులో, ఇంగ్లండులో, జర్మనీలో ఫ్యాక్టరీలు సిమెంటు చేసి అమ్ముతున్నాయి, దానితో రేవులూ వంతెనలూ కడుతున్నారు. కానీ నీళ్ళు కలిపాక లోపల ఏం జరుగుతుందో సరిగ్గా చెప్పగలిగిన వాళ్ళు లేరు.

లె షాటెలియే ముందు తేలికైన దానితో మొదలుపెట్టాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మనం సీలింగులకు వాడే పీఓపీ. జిప్సం రాయిలో నీళ్ళు దాగి ఉంటాయి. ఆయన దాన్ని మెల్లగా వేడిచేస్తూ, వేడి ఎక్కడ ఆగి ఎక్కడ పెరుగుతోందో కనిపెట్టాడు. నీళ్ళు ఒక్కసారిగా పోవు. మొదట నాలుగింట మూడు వంతులు పోతాయి, మిగిలిన వంతు ఇంకా వేడి పెంచాకే పోతుంది. ఆ మొదటి మెట్టు దగ్గర దొరికే పొడే పీఓపీ. దానికి నీళ్ళు కలిపితే ముందు ఆ పొడి నీళ్ళలో కరుగుతుంది. కరిగింది నిలవలేక, సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా మళ్ళీ బయటికొస్తుంది. ఆ సూదులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని అల్లుకుపోతాయి. గట్టిదనం ఆ అల్లికది. నీళ్ళు పోయి కాదు, నీళ్ళు తాగి గట్టిపడుతోంది.

తర్వాత సిమెంటు మీద పడ్డాడు. ఫ్యాక్టరీలో సున్నపురాయినీ బంకమట్టినీ కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే వచ్చే నల్లటి గడ్డలను క్లింకర్ అంటారు. దాన్నే పొడిచేసి కొంచెం జిప్సం కలిపితే సిమెంటు. ఆయన క్లింకర్‌ను వెలుగు దూరేంత పలచగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. అది ఒకే పదార్థం కాదు, నాలుగైదు రకాల స్ఫటికాల కలగలుపు అని కనిపించింది. వాటిలో అసలు పనిచేసేది ఒకటి. మూడు పాళ్ళ సున్నం, ఒక పాలు సిలికా కలిసినది. దాన్నిప్పుడు ట్రైకాల్షియం సిలికేట్ అంటారు. నీళ్ళు తగలగానే అది కొత్త సిలికేట్‌గా మారి, మిగిలిన సున్నాన్ని వదిలేస్తుంది. కాంక్రీటు పోసిన రాత్రి వేడెక్కేదీ, మన చేతులు ఒరిసిపోయేదీ ఈ పని వల్లే.

సున్నం ఎంతవరకు కలపొచ్చో కూడా ఆయన లెక్క కట్టాడు. అది దాటితే సిలికాతో కలవని సున్నం గడ్డల్లో మిగిలిపోతుంది. మన ఊళ్ళలో కాల్చిన సున్నపు రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఎట్లా పొంగుతాయో తెలుసు గదా. క్లింకర్‌లో మిగిలిన సున్నం బాగా మాడి ఉంటుంది కాబట్టి వెంటనే పొంగదు. కాంక్రీటు గట్టిపడి, మనం బిల్లు తీసుకుని వెళ్ళిపోయాక నెలల తరబడి పొంగుతూ లోపలినుంచి పగలగొడుతుంది. దాన్ని మూడు గంటల్లో బయటపెట్టడానికే ఆ ఇత్తడి గొట్టమూ, రెండు సూదులూ, మరిగే నీళ్ళూ.

ఈ పనంతా కలిపి 1887లో డాక్టరేటు సిద్ధాంత గ్రంథంగా ఇచ్చాడు. అప్పటికి ఆయన పదేళ్ళుగా ప్రొఫెసరు, వయసు 36. నా వయసూ అంతే. స్ఫటికాల అల్లికే అంతా అన్న ఆయన మాట పూర్తిగా నిలవలేదు. 1893లో జర్మనీలో మిఖాయెలిస్ అనే కెమిస్టు, గట్టిదనం ఇచ్చేది స్ఫటికాలు కాదు, జిగురులాంటి ముద్ద అని వాదించాడు. ఆ గొడవ చాలా ఏళ్ళు నడిచింది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉందని మా వాడి పుస్తకంలో ఉంది. వాడు రెండు వాదాలూ చదివి పరీక్ష రాయాలి.

ఇక్కడ నా సంగతి ఒకటి. కొన్నేళ్ళ కింద ఒక సైటులో, జూలై ఎండల్లో, స్తంభాలు పోశాం. మంచు ముక్కలు కలిపిన కాంక్రీటే, రాత్రిపూటే పోశాం. తెల్లారి షట్టరింగ్ విప్పాక గోనె సంచులు చుట్టి నీళ్ళు పెట్టాలి. నీళ్ళ ట్యాంకరు ఖర్చని పైవాళ్ళు రెండు రోజులతో ఆపేయించారు. పైకి ఆరినట్టే ఉంది కదా అన్నారు. నేనూ గట్టిగా అడగలేదు. స్తంభాల నిండా వెంట్రుక పగుళ్ళు, పై పొర గోటితో గీస్తే పొడి రాలింది. తిట్లు మాత్రం మన పాలమూరు కూలీలు తిన్నారు. నీళ్ళు ఆపితే సిమెంటు పనే ఆగిపోతుందని అప్పుడే నాకు సరిగ్గా తెలిసుంటే, ఇంకో మాట మాట్లాడేవాణ్ణేమో.

మళ్ళీ ఆయన దగ్గరికి. బట్టీలో వేడి ఎంతో తెలియకుండా ఇవేవీ సాగవు. అప్పట్లో బట్టీ మేస్త్రీలు మంట రంగు చూసి చెప్పేవాళ్ళు, మన కుమ్మరుల్లాగే. రెండు వేర్వేరు లోహాల తీగలను ఒక కొసన కలిపి వేడిచేస్తే కొంచెం కరెంటు పుడుతుందని 1821 నుంచీ తెలుసు. కానీ దాంతో వేడి కొలిస్తే ఒకసారి వచ్చిన లెక్క ఇంకోసారి రాదు. నమ్మలేమని పెద్ద పెద్ద వాళ్ళు వదిలేశారు. లె షాటెలియే తప్పు తీగల్లో ఉందని పట్టుకున్నాడు. ఒక తీగ స్వచ్ఛమైన ప్లాటినం, రెండోది 10 శాతం రోడియం కలిపిన ప్లాటినం పెట్టి, తెలిసిన కరుగు వేడిమిలతో సరిచూశాడు. లెక్క నిలిచింది. ఆ జతనే ఈరోజుకీ ఎస్ రకం థర్మోకపుల్ అని కొలుముల్లో వాడుతున్నారు. దాంతోనే 1887లో బంకమట్టి రకాలను వేడిచేస్తూ, ఏ మట్టి ఏ వేడి దగ్గర మారుతుందో ఫొటో పలక మీద గుర్తులు పడేలా చేశాడు. ఎమ్మెస్సీ లాబ్‌లో థర్మల్ అనాలిసిస్ అనే యంత్రం మీద మా వాడు చేయబోయే ప్రయోగానికి మొదలు అదే. ఇసుకరాయిలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా రూపు మార్చుకుంటుందని 1889లో కనిపెట్టిందీ ఆయనే.

వెల్డర్ అన్నలు కూడా ఆయనకు కొంచెం బాకీ ఉన్నారు. గనుల్లో పేలే వాయువు మీద ఆయన తన సహోద్యోగి మల్లార్‌తో కలిసి ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఏ వాయువు ఎంత వేగంగా అంటుకుంటుంది, గని దీపం ఎట్లా ఉంటే కూలీల ప్రాణాలు దక్కుతాయి అని. ఆ మంటల లెక్కల్లోంచే, అసిటిలీన్‌ను సమానమైన ఆక్సిజన్‌తో కాలిస్తే 3000 డిగ్రీలు దాటిన మంట వస్తుందని 1895లో చెప్పాడు. మన గ్యాస్ కటింగ్ టార్చ్ అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇంటర్‌లో చదివిన వాళ్ళకు ఆయన పేరు ఇంకో చోట గుర్తుంటుంది. లీ చాట్లియర్ నియమం. 1884లో రాశాడు, 1888లో ఇంకా సులువు చేశాడు. సమతూకంలో ఉన్న రసాయన మార్పు మీద బయటినుంచి ఒత్తిడో వేడో మార్చితే, ఆ మార్పును తగ్గించే వైపు అది జరుగుతుందని. సిమెంటు బట్టీలు, ఇనుప కొలుములు చూసి చూసి వచ్చిన ఆలోచన. అదే ఆయనకు పేరు తెచ్చింది, అదే ఆయన్ను ఒక పెద్ద దెబ్బకు తీసుకెళ్ళింది.

గాలిలో నైట్రోజన్ బోలెడు. దాన్ని హైడ్రోజన్‌తో కలిపితే అమ్మోనియా. అమ్మోనియా ఉంటే ఎరువు. నాలుగు పాళ్ళ వాయువు కలిసి రెండు పాళ్ళు అవుతుంది కాబట్టి, ఒత్తిడి పెంచితే అమ్మోనియా వైపు మొగ్గుతుందని ఆయన నియమమే చెప్తోంది. 1901లో ఆ ప్రయోగం చేశాడు. ఉక్కు పాత్రలో ఇనుము పెట్టి, 600 డిగ్రీలు, 200 రెట్ల గాలి ఒత్తిడి. పాత్ర పేలిపోయింది. పక్కనున్న సహాయకుడు చావు తప్పించుకున్నాడు. లె షాటెలియే ఆ పని అక్కడే మానేశాడు. పేలింది అమ్మోనియా ప్రయోగం వల్ల కాదు, లోపల గాలి కలిసి ఉండడం వల్ల అని తర్వాత తెలిసింది. ఐదేళ్ళు తిరక్కుండానే జర్మనీలో ఫ్రిట్జ్ హాబర్ ఆ దారి పట్టాడు, 1909లో చేసి చూపించాడు, 1913లో ఫ్యాక్టరీ నడిచింది. 1918 సంవత్సరపు నోబెల్ హాబర్‌కు వెళ్ళింది. మన ఊళ్ళో చెప్పులు వరసలో పెట్టి ఎదురుచూసే యూరియా బస్తా ఆ దారిలో వచ్చిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పేలుడు మందులకు నత్రజని ఇచ్చింది కూడా అదే.

అమ్మోనియా చేతిలోంచి జారిపోనివ్వడం తన పరిశోధన జీవితంలోకెల్లా పెద్ద తప్పని ఆయన ముసలితనంలో ఒప్పుకున్నాడు. నేను రెండు రకాలుగా ఆలోచించాను. ప్రమాదం జరిగితే కారణం వెతకాలి గానీ పని మూసేయకూడదని మాకు ప్రతి సేఫ్టీ మీటింగులో చెప్తారు. అట్లా చూస్తే ఆయనది తప్పే. కానీ ఒక మనిషి కొద్దిలో బతికి బయటపడ్డాక, మర్నాడే ఇంకో పాత్ర బిగించమని చెప్పని పెద్దమనిషి అంటే నాకు గౌరవమే. ఇక్కడ అట్లాంటి వాళ్ళను ఎక్కువ చూడలేదు.

అయితే కూలీల విషయంలో ఆయన పూర్తిగా మనవాడని కూడా అనలేను. అమెరికాలో టేలర్ అనే ఇంజనీరు గడియారం పట్టుకుని, ఏ పనికి ఎన్ని నిమిషాలో లెక్కగట్టే పద్ధతి తెచ్చాడు. ఫ్రాన్సులో దానికి పెద్ద ప్రచారం చేసింది లె షాటెలియేనే. 1904లో తను మొదలుపెట్టిన లోహాల పత్రికలో ఆ రాతలు వేయించాడు. తెలివిగా చేస్తే పనివాడికీ యజమానికీ ఇద్దరికీ లాభమని ఆయన నమ్మకం. 1912లో, 1913లో రెనో కార్ల ఫ్యాక్టరీ కార్మికులు ఆ గడియారం మీదే సమ్మె చేశారు. రోజూ టైమ్‌షీట్ నింపేవాణ్ణి నేను, నింపించుకునే వాళ్ళు మీరు. ఎవరి వైపో మీరే చెప్పండి.

పాఠం చెప్పడంలో మాత్రం ఆయన్ను మెచ్చుకోవాలి. అప్పటి కెమిస్ట్రీ పాఠమంటే ఒక్కో పదార్థం పేరు, రంగు, వాసన, తయారీ, వరసగా అప్పజెప్పడం. ఆయన అది మార్చాడు. నియమాలు ముందు, పేర్లు తర్వాత. ఫ్యాక్టరీలో కనిపించే ప్రశ్నతో మొదలుపెట్టి లాబ్‌లో తేల్చాలి, లాబ్‌లో తేలింది మళ్ళీ ఫ్యాక్టరీకి పోవాలి. అమెరికాలో గిబ్స్ రాసిన సమతూకాల లెక్కలను 1899లో ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1898లో కొలేజ్ దె ఫ్రాన్స్‌లో, 1907లో సోర్బాన్‌లో ప్రొఫెసరయ్యాడు. ఇంత చేసినా ఫ్రాన్సు సైన్సు అకాడమీ నాలుగుసార్లు తిరగ్గొట్టింది. 1884, 1897, 1898, 1900. ఐదోసారి 1907లో తీసుకున్నారు. సిమెంటు, ఇనుము అని తిరిగేవాణ్ణి అసలు సైంటిస్టుగా చూడని రోజులవి అనిపిస్తుంది. నోబెల్ ఆయనకు రానే లేదు.

1919లో గనుల కాలేజీ నుంచి, 1925లో సోర్బాన్ నుంచి రిటైరయ్యాడు. పెళ్ళయి 60 ఏళ్ళు నిండిన ఏడాదే, 1936 సెప్టెంబరు 17న, 85 ఏళ్ళ వయసులో, ఆల్ప్స్ కొండల దగ్గరి మిరిబెల్ లెజెషెల్ అనే చిన్న ఊళ్ళో పోయాడు.

అక్కకు ఇదంతా ఫోన్లో చెప్పాను. మొత్తం విని, మరి వాడికి నౌకరీ అని మళ్ళీ అక్కడికే వచ్చింది. సిమెంటు కంపెనీలకు, రంగుల కంపెనీలకు, బ్యాటరీలు, మందులు చేసే వాళ్ళకు ఇట్లా చదివిన వాళ్ళు కావాలి, కానీ చదవగానే ఇంటికొచ్చి ఇస్తారని నేను మాటివ్వలేనని చెప్పాను. ఊళ్ళో మా ఇంటి రెండో స్లాబు ఈ ఏడు వెయ్యాలనుకున్నాం, అది వచ్చే ఏడుకు జరిపాను. మొదటి వాయిదా ఫీజు పోయిన గురువారం పంపించాను. బావగారు ఇంకా మాట్లాడడం లేదు.

ఈ ఆదివారం సైటుకు కొత్త సిమెంటు లోడు వస్తుంది. లాబ్ కుర్రాణ్ణి అడిగి, ఈసారి ఆ మౌల్డ్ నేనే నింపుతానన్నాను. సూదులు కొలిచి ఫొటో తీసి పంపమని మేనల్లుడు అడిగాడు.